తుపాను నెలల్లో బ్యాటరీ చార్జింగు: అతిచార్జింగు జరగకుండా జాగ్రత్తలు

అక్టోబరు దగ్గరపడుతోందంటే బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఇన్వర్టరు, ట్రాక్టరు, జనరేటరు బ్యాటరీలను నిండుగా ఉంచుకోవాలన్న ఆత్రం సహజమే. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద, 2018లో తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటింది ఈ నెలలోనే. అయితే కరెంటు ఎప్పుడు పోతుందోనన్న భయంతో చార్జరును వారాల తరబడి తగిలించి ఉంచితే, అవసరం వచ్చేనాటికి బ్యాటరీయే చేతికి రాకుండా పోతుంది.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, చార్జరు తీసి కొన్ని గంటలు ఉంచాక కొలిస్తే, సుమారు 12.6 నుంచి 12.7 వోల్టులు చూపాలి. చార్జింగు చివర్లో 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లడం అవసరమే గాని, అక్కడే నిలిపి ఉంచితే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోయి, పాజిటివ్ పలకలు తుప్పుపట్టి క్షీణిస్తాయి. సరైన మెయింటైనరు, అంటే నిండిన బ్యాటరీని అలాగే నిండుగా నిలిపి ఉంచే చార్జరు, బ్యాటరీ నిండగానే 13.5, 13.8 వోల్టుల మధ్యకు దానంతటదే దిగుతుంది. తక్కువ కరెంటు ఇస్తుందన్న ఒక్క కారణంతో ప్రతి చిన్న చార్జరునూ మెయింటైనరుగా నమ్మకూడదు; నిండిన బ్యాటరీకి రాత్రంతా తగిలించి, తెల్లవారి టెర్మినళ్ల వద్ద మల్టీమీటరు పెట్టి చూస్తే, 14 దాటి ఉన్నదాన్ని వదిలేసి వెళ్లడానికి వీల్లేదని తెలిసిపోతుంది.

పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ల విషయంలో ఇంకా అప్రమత్తత అవసరం. లోడు తగ్గిన రాత్రివేళ లైను వోల్టేజీ పెరిగితే వాటి వోల్టేజీ కూడా పెరుగుతుంది, ఆపేవారు మాత్రం నిద్రలో ఉంటారు. వాటిని మనిషి దగ్గరుండగానే, గడియారం చూసుకుంటూ వాడాలి. కరెంటు పరిమితి బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు, అంటే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 15 ఆంపియర్లు దాటకపోవడం మేలు. షెడ్డులో వేడి 35 డిగ్రీలుంటే, 25 డిగ్రీలకు చెప్పిన వోల్టేజీని సుమారు 0.2 వోల్టులు తగ్గించాలి. ఉష్ణోగ్రతను గమనించి తానే సర్దుకునే చార్జరైతే ఈ బాధ ఉండదు.

కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా, పెట్టె ఉబ్బినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా, వెంటనే చార్జరును గోడ స్విచ్చు వద్దే ఆపాలి. క్లిప్పులు ఊడదీసేముందు స్విచ్చు ఆపడం మరువరాదు, ఎందుకంటే గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. వాన జల్లు కొడుతుందని గది తలుపులూ కిటికీలూ బిగించి చార్జింగు పెట్టడం అందుకే ప్రమాదకరం.

నీళ్లు పోసే రకం బ్యాటరీలో చార్జింగు పూర్తయ్యాకే గుర్తు వరకు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ముందే నింపితే చార్జింగులో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందుగానే పోయాలి. సీలు చేసిన బ్యాటరీలో ఆవిరైన నీటిని తిరిగి పోసే దారి లేదు. లిథియం బ్యాటరీకి లెడ్ యాసిడ్ మెయింటైనరు తగిలించకూడదు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బ్యాటరీని ఒకసారి నింపి, చార్జరు తీసేసి, నీరు చేరని ఎత్తులో పెట్టి, టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ పూసి ఉంచితే సరిపోతుంది.