అద్దె ఇంట్లో గొడవా? ముందు మీటరు, గోడ, కాగితం చూడండి

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఓనరుకూ అద్దెకున్నవాళ్లకూ మాట తేడా రాగానే "మనిషి మంచివాడు కాదు" అని తేల్చేస్తాం. నేను చూసినంతలో చాలా గొడవలకు మూలం ఇంట్లోనే ఉంటుంది. దాన్ని వదిలేసి మనుషుల్ని మారిస్తే, కొత్తగా వచ్చినవాళ్లతోనూ అదే పేచీ.

సమస్య: ప్రతి నెలా కరెంటు బిల్లు మీద తగాదా

రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉందేమో చూడండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. 2022లో సవరించిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయల చొప్పున పడితే, 225 దాటాక 400 దాకా యూనిట్లకు 8.75 పడుతుంది. రెండు కుటుంబాలు చెరో 150 యూనిట్లు వాడాయనుకోండి. విడి మీటర్లయితే ఒక్కో ఇంటికి వాడకం చార్జీ 567 రూపాయలు. అదే 300 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే 1,673. అంటే 539 రూపాయలు అదనం. ఎవరూ ఎక్కువ వాడలేదు, కానీ పైవాళ్లు కిందవాళ్లను అనుమానిస్తారు, కిందవాళ్లు పైవాళ్ల ఏసీని తిడతారు.

సబ్ మీటరు పెడితే ఎవరి వాటా ఎంతో తేలుతుంది గానీ బిల్లు పడే రేటు మెట్టు (స్లాబు) తగ్గదు. కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పోర్షన్‌కో సర్వీసు (విడి కనెక్షన్) తీసుకోవడమే సరైన దారి. విడి మీటరున్నా ఒకరికే బిల్లు ఎక్కువొస్తుంటే, వాళ్లింట్లో మెయిన్ ఆపించి మోటారు వేసి చూడండి. మోటారు తిరగలేదంటే ఇంటిల్లిపాది నీళ్ల ఖర్చు ఆ ఒక్కరే మోస్తున్నారని అర్థం. మోటారునూ మెట్ల లైట్లనూ వెంటనే ఓనరుగా మీ మీటరుకు మార్పించండి.

సమస్య: రంగు వేసిన కొన్నాళ్లకే గోడ పెచ్చులూడుతోంది

పిల్లలు గీకారనో, బట్టలు లోపల ఆరేశారనో అడ్వాన్స్‌లో కోసేముందు ఒక పరీక్ష చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను చెమ్మ ఉన్నచోట నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. నీటి బొట్లు గోడ వైపు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. గది వైపు పడితే గాలి ఆడక వచ్చిన తేమ, కిటికీలు తీయిస్తే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే సరిపోతుంది.

గోడలోంచే అయితే కాలాన్ని గమనించండి. వానల్లోనే కనిపిస్తే డాబా మీదో బయటి గోడకో పగులు. నడి ఎండాకాలంలోనూ ఆరకపోతే వెనక పైపు కారుతోంది. నేల దగ్గర నుంచి పైకి పాకుతూ తెల్లగా ఉప్పు పేలుతుంటే అది పునాదిలోంచి వచ్చే చెమ్మ.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన విజయవాడ సింగ్ నగర్ లాంటి చోట్ల, గోడ పూర్తిగా ఆరకముందే పుట్టీ పెట్టి రంగు వేసి ఉంటే అది నిలవదు. వరద గీత కంటే అడుగు పైదాకా పాడైన ప్లాస్టరింగ్ కొట్టించి, ఒక వేసవి ఆరనిచ్చి అప్పుడు పూయించండి. ఆ ఖర్చు ఓనరుదే. అద్దెకున్నవాళ్ల మీద వేయడం అన్యాయం.

సమస్య: టు-లెట్ బోర్డు పెట్టినా ఎవరూ దిగడం లేదు

అద్దె ఎక్కువైందని వెంటనే తగ్గించకండి, ముందు పంచాంగం చూడండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాల్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ. జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపే చాలామంది ఇల్లు మారిపోతారు. జూన్ మొదట్లో రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు ఏప్రిల్ ఆఖరుకు ముగుస్తుంది, కొత్తవాళ్లు వెతికే రోజులూ అవే. ఆషాఢంలో ఖాళీ అయిందా, ఆ నెల ప్లంబింగుకూ రంగులకూ వాడుకోండి.

సమస్య: ఖాళీ చేయమంటే చేయడం లేదు

చాలాసార్లు పాత అగ్రిమెంటు గడువు ఎప్పుడో దాటి ఉంటుంది, నోటిమాట మీదే నడుస్తుంటుంది. కరెంటు పీకడం, నీళ్లు ఆపడం మాత్రం చేయకండి. కేసు మీ మీదకే తిరుగుతుంది. లాయరు ద్వారా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఇకపై కొత్త అగ్రిమెంటు ఏడాది దాటిన గడువుకు రాసుకుంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అద్దె బ్యాంకు ఖాతాలోనే తీసుకోండి. తాళాలు ఇచ్చే రోజున గోడలు, కుళాయిలు, మీటరు రీడింగ్ వాళ్ల ముందే వీడియో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.