“స్టాక్ ఉంది అన్నా” అంటే నమ్మే ముందు: కొత్త మోడల్ బండికి అడ్వాన్స్ కట్టేవాళ్లకు

కొత్త మోడల్ ఉందా అని షోరూంకు ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒకటే: “ఉంది అన్నా, వచ్చెయ్యి.” బండి గోడౌన్‌లో ఉన్నా ఆ మాటే, లారీ మీద దారిలో ఉన్నా ఆ మాటే, ఇంకా ఆర్డర్ పెట్టకపోయినా ఆ మాటే. అందుకే ఛాసిస్ నంబర్ (బండి ఫ్రేమ్ మీద చెక్కిన గుర్తింపు నంబర్) ఫొటో వాట్సాప్ చేయమనండి. బండి వచ్చి ఉంటే ఫొటో తీసి పంపగలరు. “సాయంత్రం పంపుతా” అన్నారంటే ఇంకా రాలేదని లెక్కేసుకోండి.

ఆ నంబర్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. మొదటి మూడూ కంపెనీవి: హీరోకు ఎంబీఎల్, టీవీఎస్‌కు ఎండీ6, హోండాకు ఎంఈ4. మన దగ్గర అమ్ముడయ్యే చాలా బండ్లకు ఎడమ నుంచి పదో అక్షరం తయారైన ఏడాది: ఆర్ ఉంటే 2024, ఎస్ ఉంటే 2025, టీ ఉంటే 2026. నెల కోడ్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. దానితో కుస్తీ పట్టకుండా ఫామ్ 21 (డీలర్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్) చూడండి, తయారైన నెల, ఏడాది అందులో రాసి ఉంటాయి. జనవరిలో కొన్న బండి నిరుటిదైతే ఆర్సీలో తయారీ తేదీ నిరుటిదే పడుతుంది, రేపు అమ్మేటప్పుడు ధర అక్కడే తెగుతుంది. పాత ఏడాది బండి కొనొద్దని కాదు, తగ్గింపు అడగకుండా కొనొద్దు.

ఆర్నెల్లు కదలకుండా నిలబడ్డ బండిలో ముందు దెబ్బతినేది బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.4 కంటే తక్కువుంటే ఫుల్ ఛార్జ్ చేయించి మర్నాడు మళ్లీ చూడండి, మళ్లీ పడిపోతే వేరే బ్యాటరీ అడగాల్సిందే. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 3225 అంటే 2025లో 32వ వారం. గోడౌన్ చాలక ఎండలో పెట్టిన బండ్లకు మన మే నెల గుర్తులు మిగులుతాయి: స్టిక్కర్ వెలిసిపోతుంది, చైన్ మీద తుప్పు కనిపిస్తుంది.

సేల్స్ అబ్బాయికి మోడల్ తెలుసో లేదో రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది. ఈ రెండు వేరియంట్లకు తేడా ఏంటని అడగండి. తెలిసినతను “దీనికి సింగిల్ ఛానల్ ఏబీఎస్, దానికి డ్యూయల్” అని పార్టు పేరు చెబుతాడు (ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రం లాక్ కాకుండా చూసేది). తెలియనతను “టాప్ ఎండ్ సార్, ఫీచర్స్ ఎక్కువ” అంటాడు. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు 18 శాతం, దాటితే 40. ఇక్కడ తడబడితే చేతిలో ఉన్న రేట్ల కాగితం పాతదేమో చూడండి. లాంచ్ రోజు టీవీలో చెప్పే ధర తరచూ ఢిల్లీ ఎక్స్ షోరూం (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపనిది), అవన్నీ కలిపిన మన ఆన్ రోడ్‌తో దాన్ని పోల్చకండి.

అసలు సంగతి తెలిసేది సేల్స్ టేబుల్ దగ్గర కాదు, వెనక స్పేర్స్ కౌంటర్‌లో. ఆ మోడల్ క్లచ్ కేబుల్, బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టర్, అద్దం ఉన్నాయా అనడగండి. “ఆర్డర్ పెట్టాలె” అంటే, బండి కింద పడ్డ రోజు ఎన్నాళ్లు ఎదురుచూడాలో తెలిసిపోయినట్టే.

మన వరంగల్ చుట్టుపక్కల నర్సంపేట, పరకాల వైపు సబ్ డీలర్ దగ్గర కొంటుంటే, బండి హనుమకొండ మెయిన్ డీలర్ దగ్గర నుంచి రావాలా అని అడిగి, ఆ బండి ఛాసిస్ నంబరే తీసుకోండి. అడ్వాన్స్ రసీదులో వేరియంట్, రంగు, తయారీ ఏడాది, రద్దు చేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో రాయించండి. నోటిమాటను క్యాషియర్ గుర్తుపెట్టుకోడు.

దసరా పొద్దున డెలివరీ పెట్టుకున్నవాళ్లు పీడీఐ (డెలివరీకి ముందు షోరూం చేసే తనిఖీ) ముందురోజే చేయించి దగ్గరుండి చూడండి. పండుగ రద్దీలో ఎక్కువగా వదిలేసేది టైర్ల గాలి (లారీలో తెచ్చేటప్పుడు ఎక్కువ కొడతారు, తగ్గించాలి), చైన్ బిగువు, క్లచ్ ప్లే (క్లచ్ లివర్‌కు ఉండాల్సిన కొద్దిపాటి వదులు). మర్నాడు భద్రకాళి గుడికి తీసుకుపోయి నిమ్మకాయలు తొక్కించడమొక్కటే మిగలాలి. మిగతా డబ్బు కట్టే ముందు ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ నంబర్‌ను ఇన్‌వాయిస్‌తోనూ ఇన్సూరెన్స్‌తోనూ ఒక్కో అక్షరం కలిపి చూడండి. ఒక్కటి తేడా ఉన్నా అక్కడే దిద్దించండి, క్లెయిమ్ రోజున అదే అడ్డుపడుతుంది.