హంటింగ్టన్ జబ్బులో డీబీఎస్: ఎవరికి పెట్టాలి, ఎలా సెట్ చేయాలి

హంటింగ్టన్ జబ్బు వంశపారంపర్యంగా వచ్చి మెదడు కణాలను క్రమంగా దెబ్బతీస్తుంది. అది ముదరడాన్ని డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్: మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి సన్నని కరెంటు పంపే చికిత్స) ఆపదు. కోరియా అనే, ఒళ్లు దానంతటదే మెలికలు తిరిగే అదుపులేని కదలికలను తగ్గించగలదు, అంతే. మతిమరుపు, కోపం, నడకలో తూలు దీనితో బాగవుతాయని కుటుంబానికి ఆశ పెట్టడం అన్యాయం.

టెట్రాబెనజైన్ వంటి మందులు సరైన మోతాదులో వాడినా కదలికలు తగ్గక, కుర్చీలో కూర్చోలేక, బరువు కోల్పోతున్నవారికే ఈ ఆలోచన చేయాలి. కండరాలు బిగుసుకుపోయే రకం, తీవ్రమైన డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు, ముదిరిన మతిభ్రంశం (డిమెన్షియా) ఉంటే వద్దు. ఆపరేషన్‌కు ముందే బరువు, వీడియో, కోరియా తీవ్రతను 28 పాయింట్లకు లెక్కించే స్కోరు నమోదు చేసి పెట్టండి. అవి లేకపోతే తర్వాత ఫలితాన్ని దేనితో పోలుస్తారు?

ఎలక్ట్రోడ్లను రెండు వైపులా గ్లోబస్ పాలిడస్ (కదలికలను నియంత్రించే, మెదడు లోతుల్లోని భాగం) లోపలి భాగంలో పెడతారు. కదలికల వల్ల తల నిలవదు కాబట్టి చాలాసార్లు పూర్తి మత్తు అవసరమవుతుంది. మెదడు కుంచించుకుపోయి ఉంటే లక్ష్యం చిన్నదవుతుంది, రక్తస్రావం ముప్పూ పెరుగుతుంది. ఎలక్ట్రోడ్లకు కరెంటు పంపే జనరేటర్‌ను కాలర్ ఎముక దిగువన చర్మం లోపల అమరుస్తారు.

అసలు కష్టం ప్రోగ్రామింగ్‌లో, అంటే కరెంటు ఎంత, ఎలా ఇవ్వాలో సెట్ చేయడంలో ఉంది. ఎలక్ట్రోడ్ మీద కరెంటు వెలువడే ఒక్కో బిందువును (కాంటాక్ట్) విడిగా ఆన్ చేసి, 60 నుంచి 90 మైక్రోసెకన్ల పల్స్‌తో, అర వోల్టు చొప్పున పెంచుతూ పోవాలి. ముఖం ఒకవైపు లాగినా, మాట ముద్దగా వచ్చినా కరెంటు పక్కనే ఉన్న ఇంటర్నల్ క్యాప్సూల్‌కు (కండరాలకు ఆదేశాలు తీసుకెళ్లే నరాల దారి) పాకిందన్నమాట. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే కింద ఉన్న ఆప్టిక్ ట్రాక్ట్‌ను (చూపుకు సంబంధించిన నరాల దారి) తాకింది. ఇవి ఎక్కువ వోల్టేజీ దగ్గర మాత్రమే వచ్చే కాంటాక్ట్‌నే ఎంచుకోండి.

సాధారణంగా 130 హెర్ట్జ్‌తో (సెకనుకు 130 పల్స్‌లు) మొదలుపెడతారు. కోరియా తగ్గుతుంది గానీ మనిషి మందగించవచ్చు: అడుగు పడదు, గొంతు లోగొంతుకవుతుంది. జబ్బే ముదిరిందనుకుని ఊరుకోవద్దు. ముందు వోల్టేజీ తగ్గించండి, తర్వాత 40 హెర్ట్జ్ దగ్గర ప్రయత్నించండి. ఆ స్థాయిలో మందగమనం తక్కువగా ఉన్నట్టు కొందరిలో కనిపించింది. ఒకేసారి రెండు సెట్టింగులు మార్చితే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. మందులను కూడా మెల్లగానే తగ్గించాలి.

తగ్గిన కదలికలు ఉన్నట్టుండి తిరిగొస్తే బ్యాటరీ, ఆపై వైరు చూడండి. ఆగని కదలికలూ కిందపడటాలూ వైరును విరగగొట్టగలవు. జనరేటర్ మీద ఎరుపు, వాపు, చీము కనిపిస్తే అదే రోజు చూపించాలి. ఫిజియోథెరపీలో డయాథెర్మీ (విద్యుత్ తరంగాలతో శరీరం లోపల వేడి పుట్టించే చికిత్స) ఎప్పటికీ పెట్టించుకోకూడదు: ఎలక్ట్రోడ్ వేడెక్కి మెదడు కణజాలం కాలిపోతుంది.