బడి మానేసిన అమ్మాయి, అబ్బాయి మళ్లీ చేరాలంటే: కర్నూలు పడమటి మండలాల వారికి దరఖాస్తు విధానం

సంక్రాంతి నాటికి ఆదోని, కోసిగి వైపు చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప కోతలకు సుగ్గికి (కూలి పనికి వలస) పోయిన ఇంట్లో అమ్మాయి చదువూ ఆగుతుంది, అబ్బాయి చదువూ ఆగుతుంది. కానీ కారణం ఒకటి కాదు. అమ్మాయి చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని చేను గట్టున కూర్చుంటుంది, పెద్దమనిషైతే పెళ్లి మాటలు మొదలవుతాయి. అబ్బాయి కూలి డబ్బు రుచి చూస్తాడు, తర్వాత ఏ మెకానిక్ షెడ్డులోనో తేలతాడు. అందుకే ఇద్దరికీ ఒకే దారి చూపిస్తే సరిపోదు.

అమ్మాయికైతే ముందు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం (కేజీబీవీ) ప్రయత్నించండి. ఉండటం, తిండి, చదువు అన్నీ ఉచితం. ఇంటి పని, తమ్ముడి బాధ్యత అక్కడిదాకా రావు కాబట్టే నేను దీన్ని మొదట చెబుతున్నాను. ఆరో తరగతికి, ఇంటర్ మొదటి సంవత్సరానికి ఏటా దరఖాస్తులు పిలుస్తారు. మధ్య తరగతుల్లో మిగిలిన సీట్లు కూడా నింపుతారు. అనాథలకు, బడి మానేసిన వాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద కుటుంబాల పిల్లలకు ప్రాధాన్యం. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, పుట్టిన తేదీ కాగితం, పాత బడి టీసీ లేదా స్టడీ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. పెళ్లి ఒత్తిడి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 18 నిండకుండా అమ్మాయికి పెళ్లి చేయడం 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం.

కేజీబీవీలో అబ్బాయిలను చేర్చుకోరు. 14 లోపు వాడైతే నేరుగా ఊరి బడి హెడ్మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఒకచోట టీసీ లేదని మా ఎదుటే ఒక పిల్లాణ్ణి వెనక్కి పంపారు. వాడు గోళ్ల సందుల్లో గ్రీజు గీక్కుంటూ నిలబడ్డాడు, మళ్లీ రాలేదు. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని గానీ, వయసు కాగితం లేదని గానీ చేర్చుకోకుండా ఉండకూడదు. మీరు గట్టిగా అడగండి, అవసరమైతే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు రాసివ్వండి.

14 నిండి, పనిలో పడిపోయిన అబ్బాయికి, రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ ఉంది. పెళ్లయిపోయిన అమ్మాయికీ ఇదే దారి. పదో తరగతిలో చేరడానికి కింది తరగతి పాసవ్వాలన్న నిబంధన లేదు. దగ్గర్లోని స్టడీ సెంటర్ ద్వారా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఫీజులో మహిళలకు రాయితీ ఉంటుంది. పరీక్షలన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, పాసవడానికి ఐదేళ్ల గడువు ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కేజీబీవీ దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్‌లో పడతాయి. అప్పటికి అమ్మానాన్నలు ఇంకా మిరప చేలలోనే ఉంటారు. కాబట్టి సుగ్గికి పోయేముందే కాగితాల జిరాక్సులు అవ్వ చేతికో, మేనమామకో ఇచ్చి పోండి. సీటు వచ్చిందన్న మెసేజ్ దరఖాస్తులో రాసిన నంబరుకే వస్తుంది. అక్కడ నాన్న నంబరు కాదు, ఊళ్లోనే ఉండే వాళ్ల నంబరు రాయించండి.