కామెడీ సిరీస్‌ని సినిమా చేయాలంటే ముందు ఆ లాడ్జి అమ్మేయండి

తిరుపతిలో ఇప్పుడు ఓ కెమెరా, నలుగురు ఫ్రెండ్స్ ఉంటే చాలు, కామెడీ సిరీస్ మొదలవుతుంది. అది కాస్త ఆడిందంటే "అన్నా, సినిమా తీసేద్దాం" అనేవాడు తయారు. తీయండి, తప్పేం లేదు. కానీ ఆరు ఎపిసోడ్లు వరసగా అతికించి మధ్యలో ఇంటర్వెల్ వేస్తే అది సినిమా అవదు.

కథ కంటే ముందు కాగితాలు చూసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చుకుంటేనే చెల్లుతాయి, నోటిమాట పనికిరాదు. గడువు రాయకపోతే ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. ఛానెల్‌కి తీసిచ్చిన సిరీస్ అయితే పాత్రలు అసలు ఎవరి చేతిలో ఉన్నాయో అగ్రిమెంటు తీసి చదవండి. రచయిత మీ క్లాస్‌మేటే అయినా సంతకం పెట్టించుకోండి, ప్రొడ్యూసర్ దొరికాక అడిగితే రేటు మారిపోతుంది.

ఇక అసలు పని. సిరీస్ ఎందుకు నడుస్తుందంటే అందులో ఏదీ మారదు కాబట్టి. బస్టాండు దగ్గర ఒక లాడ్జి అనుకుందాం: మేనేజరు, రూంబాయ్, పిసినారి ఓనరు, ఊరికే కూర్చుని తినే ఓనరు బామ్మర్ది. ప్రతి ఎపిసోడ్‌లో దర్శనానికొచ్చిన ఏదో ఒక కుటుంబం దిగుతుంది, రచ్చ జరుగుతుంది, చెకౌట్ టైంకి ఖాళీ చేసి పోతుంది, మళ్లీ వారం అంతా మామూలే. సినిమాలో ఆ "మళ్లీ మామూలే" ఉండకూడదు. ఊళ్లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చాక లాడ్జి బోర్డు ఎవరికీ కనపడట్లేదు, గిరాకీ పోయింది, ఓనరు అమ్మకానికి పెట్టాడు. మొదటి ఇరవై నిమిషాల్లో ఇది తేలిపోవాలి, చివర్లో ఏ మంత్రమో వేసి లాడ్జిని ఎప్పటిలా నిలబెట్టకూడదు. నిలబడినా ఎవరో ఒకరు ఏదో పోగొట్టుకునే నిలబడాలి.

చాలామంది ఇక్కడే బడ్జెట్ పెరిగింది కదా అని పాత్రల్ని ఎక్కడికో తీసుకుపోతారు. మన 'అమృతం' సీరియల్‌నే చూడండి. 2001లో మొదలై ఏళ్ల తరబడి ఇంటింటా నవ్వించింది, 2014లో 'అమృతం చందమామలో' అని సినిమాగా వచ్చేసరికి కథ ఏకంగా చంద్రుడి మీదికి వెళ్లింది, హోటలు నడిపే అమృతం, ఆంజి పాత్రలకి నటులు మారారు, బాక్సాఫీసు దగ్గర నిలబడలేదు. మనం అలవాటు పడింది ఆ ఇరుకు హోటలుకీ ఆ మొహాలకీ అని నా లెక్క. అలాగని ఊరు దాటితే ఆడదని కాదు. బ్రిటన్‌లో 'ఇన్‌బిట్వీనర్స్' అనే టీవీ కామెడీ సిరీస్‌లోని స్కూలు కుర్రాళ్లని 2011 సినిమాలో గ్రీసుకి సెలవులకి పంపితే బ్రహ్మాండంగా ఆడింది, కాకపోతే అక్కడ వాళ్ల స్కూలు అయిపోయింది, ఇక ఎవడి దారి వాడిదే. ఆ భయం కథలో ఉంది, గ్రీసు ఊరికే తోడొచ్చింది.

పాత్రల విషయంలో అందరినీ సమానంగా పెంచకండి. మేనేజరుకి ఓ కోరిక, దాన్ని దాచుకునే కారణం ఇవ్వండి, కథ అతని మీద నడుస్తుంది. బామ్మర్దిని మాత్రం ముట్టుకోవద్దు, వాడికి ఫ్లాష్‌బ్యాక్ పెట్టారంటే నవ్వు చచ్చిపోతుంది. పేరు తెచ్చిన ఊతపదం ఉంటే సినిమా మొత్తంలో రెండుసార్లు వాడండి, రెండోసారి అది నవ్వురాని చోట పడాలి.

యాస మార్చకండి. "అట్టనా అబ్బా, ఏం జేస్తా ఉండావు" అనే రూంబాయ్ చేత, అన్ని జిల్లాలకీ అర్థం కావాలని పుస్తకం భాష మాట్లాడించారంటే వాడు మన చిత్తూరోడు కాకుండా పోతాడు. అలాగే లొకేషన్. గంగమ్మ జాతర పెట్టాలనిపిస్తుంది, మగాళ్లు ఆడవేషం కట్టే మాతంగి వేషం తెరమీద అదిరిపోతుంది నిజమే, కానీ లాడ్జి కొనడానికొచ్చినవాణ్ణి తప్పించుకోవడానికి మేనేజరు ఆ వేషం కట్టాల్సి వస్తేనే పెట్టండి, పాట కోసం కాదు. తిరుమల కొండమీద షూటింగ్ మాత్రం టీటీడీ అనుమతి లేకుండా కుదరదు, కథని కిందే తిప్పుకుంటే టెన్షన్ ఉండదు.

స్క్రిప్ట్ అయ్యాక, సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడని మనిషికి చదివి వినిపించండి. ఎక్కడెక్కడ ఆపి "వాడెవడంటే, సిరీస్‌లో ఏమైందంటే" అని చెప్పాల్సొస్తుందో అక్కడ గీత పెట్టుకోండి. తిరగరాయాల్సిన సీన్లు అవే.