ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు పలకట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

మా షాపు సికింద్రాబాద్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. అమీర్‌పేటలో యానిమేషన్ కోర్సు చేసే పిల్లలు ఎక్కువగా వస్తుంటారు. వచ్చీ రాగానే అనేది ఒకటే మాట: "అన్నా, ఎన్విడియా పనిచేస్తలేదు, ఫార్మాట్ కొట్టెయ్యి." వద్దు. ఫార్మాట్ కొడితే ప్రాజెక్టులు పోతాయి, బాధ మాత్రం అలాగే ఉంటుంది. ముందు డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) లోడయిందో లేదో తేల్చుకోవాలి.

రెండు కార్డుల ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌ని మామూలుగా నడిపేది ప్రాసెసర్‌లో ఉండే ఇంటెల్ లేదా ఏఎండీ చిప్. ఎన్విడియా బరువు పని చేసి, తయారైన ఫ్రేమ్‌ని ఆ చిప్ చేతికి ఇస్తుంది. కాబట్టి ఆన్-డిమాండ్ మోడ్‌లో (అవసరమైనప్పుడే ఎన్విడియాని వాడే పద్ధతిలో) సెట్టింగ్స్ తెరిస్తే ఇంటెల్ పేరు కనపడటం తప్పు కాదు. ఒక ప్రోగ్రామ్‌ని ఎన్విడియా మీద నడపాలంటే దాని పేరుకి ముందు ప్రైమ్-రన్ అని కొట్టాలి. బ్లెండర్‌లో సైకిల్స్ రెండర్‌కి అదీ అక్కర్లేదు. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్‌కి వెళ్లి కుడా (CUDA) గానీ ఆప్టిక్స్ (OptiX) గానీ ఎంచుకుని, రెండర్ సెట్టింగ్స్‌లో డివైస్‌ని 'జీపీయూ కంప్యూట్'కి మారిస్తే చాలు.

ఇప్పుడు టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్ కె తగిలించి కొట్టండి. ఎన్విడియా లైన్ కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఉంటుంది. అక్కడ ఎన్విడియా ఉంటే డ్రైవర్ ఎక్కినట్టే. నువో ఉంటే ఓపెన్ సోర్స్ డ్రైవర్ నడుస్తోందని అర్థం, దాంతో కుడా (CUDA) పనిచేయదు. 'అడిషనల్ డ్రైవర్స్'లోకి వెళ్లి సిఫార్సు చేసిన వెర్షన్ వేసుకోండి. వెబ్‌సైట్ నుంచి ఇన్‌స్టాలర్ ఫైల్ దించి నడిపించొద్దు. తర్వాత కెర్నల్ (ఉబుంటుకి గుండెకాయ లాంటి మూల ప్రోగ్రామ్) మారినప్పుడు చాలా ఇబ్బంది పెడుతుంది.

ఆ లైనే లేకపోతే? డ్రైవర్ వేసినా ఎక్కట్లేదన్నమాట. మా దగ్గరికొచ్చేవాటిలో ఎక్కువ ఇవే, కారణం సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని (కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ముక్కని) కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు, దాని సంతకం కీని (మాక్ అంటారు) నమోదు చేయడానికి ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది. అది కొద్ది సెకన్లే ఉంటుంది, ఏ కీ నొక్కకపోతే వెళ్లిపోతుంది. పిల్లలు దాన్ని చూసి ఏదో ఎర్రర్ అనుకుని వదిలేస్తారు. వదలొద్దు. ఏదో ఒక కీ నొక్కి, 'ఎన్‌రోల్ మాక్', 'కంటిన్యూ', 'యెస్' అంటూ వెళ్లి, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వండి. అది ల్యాప్‌టాప్ లాగిన్ పాస్‌వర్డ్ కాదు. టైప్ చేస్తుంటే అక్షరాలు కనపడవు, కంగారు పడకండి. ఆ స్క్రీన్ జారిపోతే మాక్‌యుటిల్ కమాండ్‌తో ఆ సంతకం కీని మళ్లీ ఇంపోర్ట్ చేసి ఇంకోసారి రీస్టార్ట్ చేయాలి.

నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత నల్ల స్క్రీన్ వస్తే, గ్రబ్ మెనూలో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే వచ్చే బూట్ లిస్టులో) 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోంచి పాత కెర్నల్ ఎంచుకోండి. అందులో పనిచేస్తే కొత్త కెర్నల్‌కి మాడ్యూల్ తయారవలేదన్నమాట. డీకేఎంఎస్ (కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్‌ని మళ్లీ తయారుచేసే టూల్) స్టేటస్‌లో అది తెలిసిపోతుంది. తరచుగా ఆ తయారీకి కావాల్సిన కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోవడమే కారణం.

ప్రొజెక్టర్ రాకపోతే కేబుల్ మార్చే ముందు ఒక సంగతి చూడండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఎన్విడియా కార్డుకే కలిపి ఉంటుంది. ఏ కార్డు వాడాలో చెప్పే ప్రైమ్-సెలెక్ట్ కమాండ్‌లో ఇంటెల్ పెట్టుకుంటే ఆ పోర్టు చచ్చినట్టే. ఆన్-డిమాండ్‌కి మార్చి రీస్టార్ట్ చేయండి.

ఇక బ్యాటరీ. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచీ, ల్యాప్‌టాప్ కూడా సహకరిస్తే, ఆన్-డిమాండ్‌లో పనిలేనప్పుడు కార్డు తనంతట తానే నిద్రపోగలదు. ఎండాకాలం మన ఊళ్లో ఫ్యాన్ హోరు తగ్గాలంటే ఇది కుదరాలి. సిస్ ఫోల్డర్‌లో ఆ కార్డు పీసీఐ అడ్రస్ కింద, పవర్‌లో రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ చదివితే 'సస్పెండెడ్' అని ఉండాలి. ఇది ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డు వివరాలు చూపే కమాండ్) కొట్టి చూసేది కాదు, ఆ కమాండే కార్డుని లేపేస్తుంది. దాన్ని వాచ్‌లో (కమాండ్‌ని పదేపదే నడిపే టూల్‌లో) పెట్టి వదిలేసినా, కార్డు ఉష్ణోగ్రత చూపించే విడ్జెట్ ప్యానెల్‌లో ఉన్నా, తీసేసి మళ్లీ చూడండి.