పల్లేడియం కార్బన్ మొరాయిస్తోందా? కారణం ఇలా పట్టుకోండి

జీడిమెట్ల, పాశమైలారం వైపు హైడ్రోజనేషన్ (పదార్థాలకు హైడ్రోజన్ కలిపే చర్య) చేసేవాళ్లకు తెలిసిన తలనొప్పే ఇది: మొదట్లో చకచకా నడిచిన పల్లేడియం కార్బన్ క్యాటలిస్ట్ (చర్యని వేగంగా నడిపించేది; కార్బన్ పొడి మీద పల్లేడియం లోహపు కణాలు) కొన్ని బ్యాచ్‌లకే మొండికేస్తుంది. వెంటనే కొత్తది కొనేయకండి.

వాడినదాంతో పాటు అదే లాట్‌లో వాడని శాంపిల్ కూడా ల్యాబ్‌కి పంపండి, పోల్చడానికి ఏదీ లేకపోతే రిపోర్టు చేతిలో ఉన్నా ఒరిగేదేమీ ఉండదు. వాడినదాన్ని గాలిలో ఆరబెట్టొద్దు, అంటుకుంటుంది; తడిగానే, నైట్రోజన్ కింద పంపండి.

ముందు ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌రేలతో ఉపరితలంలో ఏ మూలకం ఏ రూపంలో ఉందో చూసే పరీక్ష). పైపైన 10 నానోమీటర్ల లోపే చూస్తుంది, మనకు కావలసిందీ అదే. పల్లేడియం పీక్ 335 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గరుంటే లోహం, 337 వైపు జరిగితే ఆక్సైడ్ (శాంపిల్‌కి గాలి తగిలితే మాత్రం ఈ ఆక్సైడ్‌ని అంతగా నమ్మకండి). 162 దగ్గర సల్ఫర్ కనిపించిందా, అది క్యాటలిస్ట్‌ని చంపే సల్ఫైడ్ విషం, ముడిసరుకుని అనుమానించండి. పేరుకున్న జిగట పదార్థం మాత్రం ఇందులో తేలిగ్గా దొరకదు, ఎందుకంటే అందులోనూ కార్బనే, లోహాన్ని మోసే సపోర్టూ కార్బనే కదా.

ఎక్స్‌పీఎస్ శుభ్రంగా ఉండి కార్బన్ మోనాక్సైడ్ పీల్చుకోవడం (బయటికి తేలి ఉన్న పల్లేడియం ఎంతో చెప్పే పరీక్ష) తగ్గితే టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడండి, కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై ఉండొచ్చు. ఫిల్ట్రేట్‌కి (వడకట్టాక వచ్చిన ద్రవానికి) ఐసీపీ (కరిగిన లోహాల్ని కొలిచే పరీక్ష) కూడా చేయించండి, పల్లేడియం అక్కడ తేలితే లోహం కరిగి కొట్టుకుపోతున్నట్టే.